పెరట్లో చుట్ట పొగాకు – 4వ పాఠం: కోసిన ఆకు ఇంకా బతికే ఉంటుంది

పోయిన పాఠంలో పూమొగ్గ తుంచేశాం, పిలకలు తీశాం. ఆ పని చేసి రెండు వారాలు దాటినవాళ్ల మొక్కలు ఈపాటికి చూడ్డానికే వేరేగా ఉండాలి. ఆకులు దళసరిగా, వెడల్పుగా తయారై, పట్టుకుంటే వేళ్లకు జిగురు అంటుతుంది. ఆ జిగురు కాసేపటికి నల్లబడుతుంది, సబ్బుతో రుద్దినా ఒక పట్టాన వదలదు. విసుక్కోకండి. రేపు చుట్టలో మీరు వెతుక్కునే వాసనకు ముడిసరుకు చాలావరకు అందులోనే ఉంది.

ఈసారి కోత, ఆరుదల. కోత ఒక పూట పని. ఆరుదలకు నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఇంటి పొగాకు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి పాఠంలో ముప్పాతిక భాగం దానికే ఇస్తున్నాను.

ముందు కోత సంగతి. చుట్టలకు పెంచే ఆకును మొక్క మొత్తంగా నరికి వేలాడదీసే పద్ధతి కూడా ఉంది. కానీ ఇంట్లో పది, ఇరవై మొక్కలు పెంచేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: కింది నుంచి పైకి, వారానికి రెండు మూడు ఆకుల చొప్పున కోసుకోండి. కింది ఆకు ముందు పండుతుంది, కొసాకు చివర పండుతుంది. అన్నీ ఒకేసారి కోస్తే కొన్ని ముదిరిపోయి ఉంటాయి, కొన్ని లేతగా ఉంటాయి. రెండూ ఒకే తీరున ఆరవు.

పండిన ఆకును గుర్తుపట్టడానికి క్యాలెండర్ కంటే కన్ను, వేళ్లు మేలు. ముదురాకుపచ్చ కాస్త పలచబడి, అక్కడక్కడ లేత పసుపు మచ్చలు కనిపిస్తాయి. కొస కిందికి వంగుతుంది. మధ్య ఈనె తెల్లబడుతుంది. ఆకును రెండు వేళ్ల మధ్య మడిచి నొక్కితే, పండినదైతే మడత వెంట చిట్లుతుంది. లేతదైతే గుడ్డలా మడత పడి ఊరుకుంటుంది. ఈ మడత పరీక్ష నాకు ఇంతవరకూ తప్పలేదు. పండిన ఆకును కిందికి వంచితే టప్‌మని కాండం దగ్గరే విరిగి చేతిలోకి వస్తుంది. కత్తి అక్కర్లేదు.

వాన పడితే రెండు మూడు రోజులు ఆగండి. జిగురు కొంత కడుక్కుపోయి ఉంటుంది, మొక్క మళ్లీ తయారు చేసుకోవాలి. మంచు ఆరకుండా కూడా కోయొద్దు. దీనికి ఇంకో కారణం ఉంది, తేలిగ్గా తీసుకోకండి. తడి ఆకు మీద నికోటిన్ నీళ్లలో కరిగి చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది. తల తిరగడం, వాంతులు, తలనొప్పి వస్తాయి. సిగరెట్ ముట్టనివాళ్లకైతే మరీ ఎక్కువ. చేతులకు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా వేసుకోండి. పిల్లల్ని ఈ పనికి దగ్గరికి రానివ్వకండి.

కోసిన ఆకుల్ని ఏ వరసవో ఆ వరసగా విడివిడిగా పెట్టి, చీటీ మీద తేదీ రాసి కట్టండి. చుట్టలో ఒక్కో వరసకు ఒక్కో పని. క్యూబా సాగుదారులు వాటికి పేర్లే పెట్టారు: అడుగు ఆకు వొలాడో, దాని పైది సేకో, కొసన ఉండేది లిహేరో. అడుగు ఆకు పలచన, నిప్పు బాగా పట్టుకుంటుంది, ఘాటు తక్కువ. కొసాకు దళసరి, ఘాటెక్కువ, నిదానంగా కాలుతుంది. ఇప్పుడు కలిపేస్తే ఆరాక ఏది ఏదో చెప్పడం కష్టం.

ఇక అసలు విషయానికి వద్దాం.

"ఆరబెట్టడం" అనే మాటే మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. బట్టలు ఆరేసినట్టు ఎంత త్వరగా తడి పోతే అంత మంచిదనుకుంటాం. నా మొదటి పంటను నేను అలాగే చేశాను. మేడ మీద, గాలి బాగా తగిలేచోట కట్టాను. నాలుగు రోజుల్లో ఆకులు కరకరలాడుతూ ఎండిపోయాయి. ఎంత బాగా ఆరాయో అని సంబరపడ్డాను. కానీ రంగు మాత్రం పచ్చగానే ఉండిపోయింది. తర్వాత తడిపి చూశాను, నెలల తరబడి డబ్బాలో పెట్టి చూశాను. ఆ పచ్చ పోలేదు. వెలిగిస్తే ఎండుగడ్డి తగలబెట్టిన ఘాటు, గొంతులో మంట. నాలుగు నెలలు నీళ్లు పోసి పెంచిన ఆకు మొత్తం ఎరువుకుండీలో వేయాల్సి వచ్చింది.

అప్పుడు తెలిసింది, కోసిన ఆకు ఇంకా బతికే ఉంటుందని. మొక్క నుంచి విడిపోయినా దాని కణాలు కొన్ని రోజులపాటు ఊపిరి తీసుకుంటూనే ఉంటాయి. పైనుంచి తిండి రాదు కాబట్టి దాచుకున్న పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుని, ఆ చక్కెరను ఖర్చు పెట్టుకుంటాయి. అదే సమయంలో పత్రహరితం విరిగిపోతుంది. పచ్చ తగ్గేకొద్దీ మొదటినుంచీ దాని వెనకే దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. ఈ పనులన్నీ చేసేది ఎంజైములు, వాటికి నీళ్లు కావాలి. తడి ముందే పోతే పని మధ్యలో ఆగిపోతుంది. పచ్చ అలాగే బిగుసుకుపోతుంది.

అందుకే దీన్ని ఆరబెట్టడం అనుకోకండి, మాగబెట్టడం అనుకోండి. ఆకు ముందు పసుపెక్కాలి, తర్వాత గోధుమరంగుకు తిరగాలి, ఆ తర్వాతే ఎండాలి. ఈ వరస తప్పకూడదు.

ఆకుల్ని గుచ్చే పద్ధతి సులువే. గట్టి నూలుదారం, పెద్ద సూది తీసుకోండి. ఆకు మొదలు నుంచి రెండు సెంటీమీటర్లు వదిలి ఈనెలోంచి గుచ్చండి. ఒక ఆకు వీపు పక్క ఆకు వీపుకు, ముఖం ముఖానికి వచ్చేలా గుచ్చాలి. అన్నీ ఒకే వైపు చూస్తే ఒకదాంట్లో ఒకటి ముడుచుకుపోయి, మధ్యలో గాలి ఆడక బూజు పడుతుంది. ఆకుకూ ఆకుకూ వేలెడు సందు ఉంచండి.

ఎండ తగలని గది, షెడ్డు, మెట్ల కింద చోటు, ఏదైనా పర్వాలేదు. కానీ హైగ్రోమీటర్ మాత్రం తప్పకుండా కొనండి. గాలిలో తేమ చెప్పే చిన్న పరికరం అది. దాన్ని ఆకుల మధ్యనే వేలాడదీయండి. గోడకు పెడితే గోడ సంగతి చెబుతుంది, ఆకుల సంగతి చెప్పదు.

పసుపెక్కే రోజుల్లో తేమ 65 నుంచి 75 శాతం మధ్య ఉండాలి. వేడి 18 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ లోపల ఉంటే చాలు. తేమ 55 కంటే దిగితే నా మేడ మీద జరిగిందే జరుగుతుంది. 85 దాటి ఒకటి రెండు రోజులు అలాగే ఉంటే ఆకు కుళ్లడం మొదలవుతుంది. గదిలోకి అడుగుపెట్టగానే ముక్కుకు తెలిసిపోతుంది. తేమ తక్కువైతే ఆకుల చుట్టూ ప్లాస్టిక్ షీటు గుడారంలా కట్టి, కింద తడిగుడ్డ పెట్టండి. ఎక్కువైతే షీటు తీసేసి ఫ్యాన్ పెట్టండి, గాలి నేరుగా ఆకులకు కొట్టకుండా గోడకేసి తిప్పండి.

మీ దగ్గర గాలి మరీ పొడిగా ఉంటే ఇంకో మార్గం ఉంది. గుచ్చకముందే ఆకుల్ని అట్టపెట్టెలో దొంతిగా పేర్చి మూతపెట్టండి. రోజూ తీసి కిందివి పైకి, పైవి కిందికి మార్చాలి. కొద్ది రోజుల్లో పసుపెక్కుతాయి, అప్పుడు గుచ్చి వేలాడదీయొచ్చు. ఒక్కరోజు మార్చడం మరిచినా దొంతి నడుమ వేడి పుట్టి ఆకులు ఉడికినట్టు నల్లబడతాయి. రోజూ చేయగలను అన్న నమ్మకం ఉంటేనే ఈ పద్ధతికి దిగండి.

ఇప్పుడు మీకో పని. దండలోంచి ఒకే ఒక్క ఆకును ఎంచుకుని దాని తొడిమకు ఎర్రదారం కట్టండి. రోజూ ఒకే వేళకు దాన్ని కిటికీ వెలుతురుకు అడ్డంగా పెట్టి చూడండి, ఫోటో తీయండి. మొదటి రెండు రోజులు వాడిపోవడం తప్ప ఏమీ కనిపించదు. తర్వాత కొసన, అంచుల వెంట పసుపు మొదలై లోపలికి పాకుతుంది. పక్క ఈనెల వెంట మాత్రం పచ్చ సన్నని గీతల్లా నిలిచిపోతుంది, నదీ పాయల బొమ్మలా. ఆ గీతలు కూడా పలచబడే వేళకు అంచున మొదటి గోధుమ మచ్చ వస్తుంది. అంటే అక్కడి కణాలు చనిపోయాయన్నమాట. లోపల సహజంగా ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి రంగు తిరుగుతున్నాయి. వాసన కూడా మారుతుంది. పచ్చిగడ్డి వాసన పోయి ఎండుగడ్డి వాసన, ఆ తర్వాత మెల్లగా పొగాకు వాసన. నేను ఎన్ని పంటలు తీసినా, ఆ వాసన మొదటిసారి తగిలిన రోజు ఇప్పటికీ గదిలోంచి బయటికి రాబుద్ధి కాదు.

ఆకు మొత్తం గోధుమరంగుకు తిరిగాక తేమ కాస్త తగ్గించినా నష్టం లేదు. కానీ దించడానికి తొందరపడకండి. ఆకు ఎండినా ఈనె ఎండదు. మొదలు దగ్గర ఈనెను వంచి చూడండి. పుల్లలా పుటుక్కున విరగాలి. రబ్బరులా వంగితే లోపల ఇంకా నీరుంది. అలాంటి పది ఆకులు చాలు, దొంతి మొత్తానికి బూజు పట్టించడానికి. ఈనె కోసమే ఒక్కోసారి రెండు వారాలు అదనంగా ఆగాల్సి వస్తుంది. ఆగండి.

బాగా ఎండిన ఆకును అలాగే పట్టుకుంటే చేతిలో పొడైపోతుంది. దించే ముందు మళ్లీ పదునుకు తేవాలి. తేమగా ఉన్న రోజు తెల్లవారుజామున చూస్తే ఆకులు వాటంతట అవే మెత్తబడి ఉంటాయి. లేదంటే స్ప్రే సీసాతో మంచులా నీళ్లు చిలకరించి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఒక రాత్రి ఉంచండి. పదునుకొచ్చిన ఆకును పిడికిట్లో నలిపి వదిలితే, విరగకుండా నెమ్మదిగా విచ్చుకుంటుంది. చేతికి తడి మాత్రం అంటకూడదు. అంటితే నీళ్లు ఎక్కువయ్యాయి, గంటసేపు ఆరనివ్వండి.

ఒక లెక్క ముందే చెప్పాలి, లేకపోతే దిగులు పడతారు. పచ్చి ఆకు బరువులో 80 నుంచి 90 శాతం నీళ్లే. కిలో ఆకు కోస్తే చివరికి చేతికొచ్చేది 100 నుంచి 200 గ్రాములు. మీ తప్పేమీ లేదు, అంతే వస్తుంది.

దించాక వరసల చీటీలు చూసుకుని, ఇరవై ఇరవై ఆకులు కట్టలు కట్టండి. చిరుగు లేని, పలచని, ఒకే రంగు ఆకుల్ని విడిగా తీసిపెట్టండి, చుట్టకు పైన చుట్టేవి అవే. మిగతావి చుట్ట లోపల నింపడానికి, ఆ నింపినదాన్ని పట్టి ఉంచే నడుమ కట్టుకు పనికొస్తాయి. అట్టపెట్టెలో సర్దండి, ప్లాస్టిక్ డబ్బాలో గాలి ఆడకుండా మాత్రం పెట్టొద్దు.

ఇది ఇంకా చుట్ట పొగాకు కాలేదు. ఇప్పుడు వెలిగిస్తే ఘాటుగా, చప్పగా ఉంటుంది. పెద్ద తోటల్లో ఆకును ఎత్తుగా కుప్పవేస్తే తనంతట తాను వేడెక్కి పులుస్తుంది. మన ఇంట్లో నాలుగు కట్టలకు అంత వేడి పుట్టదు. కాబట్టి 50 డిగ్రీల దగ్గర వేడి, 70 శాతం దగ్గర తేమ నిలబెట్టే చిన్న పెట్టె మనమే తయారు చేసుకోవాలి. అయిదో పాఠం దాని గురించే. ఈలోగా మూతపడే ఒక థర్మోకోల్ పెట్టె, వేడిని ఒకే స్థాయిలో నిలిపే ఒక థర్మోస్టాట్ సంపాదించి ఉంచండి, ఎర్రదారం కట్టిన ఆకు ఫోటోలు కూడా పారేయకండి. పెట్టెలోకి వెళ్లే ముందు రంగు, బయటికొచ్చాక రంగు పక్కపక్కన పెట్టి చూస్తాం.