జేస్టోర్‌లో (పరిశోధన పత్రికల ఆన్‌లైన్ భండారం) గుడిమల్లం (తిరుపతి దగ్గర పాత శివాలయం ఉన్న ఊరు) మీద వ్యాసాలు వెతికే ముందు జాగ్రత్తలు

☐ పాత జిల్లా పేరు కాగితం మీద రాసుకోండి. అసలు చిక్కంతా ఇక్కడే. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, తిరుపతి జిల్లా 2022లో. 1911కు ముందు గుడిమల్లం, చంద్రగిరి ఉత్తర ఆర్కాటు కింద, మదనపల్లె కడప కింద ఉండేవి. ‘తిరుపతి జిల్లా’ అని కొడితే పాత నివేదికలు చిక్కవు.

☐ తిరుపతికి పాత ఇంగ్లిష్ స్పెల్లింగులు ‘త్రిపతి’, ‘త్రిపెట్టి’ కూడా కలపండి. మధ్యలో ‘ఆర్’ (OR)ను పెద్దక్షరాల్లో పెట్టాలి, లేకుంటే అన్ని మాటలూ ఉన్న వ్యాసాలే వస్తాయి.

☐ మనం ‘పాండవ గుళ్లు’ అనే పెద్ద రాళ్ల పాత సమాధులు వ్యాసాల్లో ‘డాల్మెన్’, ‘మెగాలిత్’ అనే పేర్లతో ఉంటాయి, ఆ మాటలతో వెతకండి.

☐ క్యాంపస్ బయటైతే లైబ్రరీ లాగిన్ సరిచూసుకోండి.

☐ జేస్టోర్‌లో చాలా పత్రికల తాజా సంచికలు కొన్నేళ్లు ఆలస్యంగా చేరతాయి. కొత్తవాటికి ప్రచురణకర్త సైటు, సిద్ధాంత గ్రంథాలకు (పీహెచ్‌డీ పరిశోధనలకు) శోధ్‌గంగ సైటు చూడండి.

☐ ‘ఇండియన్ ఆర్కియాలజీ: ఎ రివ్యూ’ (భారత పురావస్తు శాఖ వార్షిక నివేదిక) అట్ట మీద ఉన్న ఏడాది తవ్వకాలది, అచ్చయిన ఏడాది వేరు. రెండూ నోట్ చేసుకోండి.