సాన్ జాన్ నుంచి కొండ దాటేవాళ్ళు ముందే చూసుకోవాల్సినవి

అక్టోబర్ చివర్లో పిల్లలకి సెలవులొస్తున్నాయి కదా, ఫ్రాన్స్‌లో ఉండే మనవాళ్ళు చాలామంది పిరనీస్ కొండల దగ్గరి బాస్క్ ప్రాంతంలో సాన్ జాన్ ప్యే ద పోర్ వెళ్ళి అక్కణ్ణించి స్పెయిన్‌లో రోన్సెస్‌వాయెస్ దాకా ఒక్క రోజు నడక ప్లాన్ చేసుకుంటున్నారు. స్పెయిన్‌లో సాంటియాగో దాకా నడిచే క్రైస్తవ యాత్రికుల పాత దారిలో ఇదొక భాగం. ఊరి పేరుకి అర్థమే "కనుమ పాదం దగ్గరున్న సెయింట్ జాన్". ఆ కనుమ దాటడం గురించే ఈ పోస్ట్. నేను రెండుసార్లు వెళ్ళాను, ఒకసారి మంచి ఎండలో, ఇంకోసారి మబ్బులో. ఆ రెండోసారి నేర్చుకున్నవే ఎక్కువ రాస్తున్నా.

ముందు డేట్ చూసుకోండి. కొండ మీంచి వెళ్ళే దారిని నెపోలియన్ రూట్ అంటారు, అది నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా మూసేస్తారు, కాదని వెళ్తే ఫైన్ పడొచ్చు, ఏదైనా అయితే రెస్క్యూ ఖర్చు కూడా మీ నెత్తినే పడే అవకాశం ఉంది. అక్టోబర్ 31 దాకా ఓపెన్ కాబట్టి అప్పటిదాకా పర్లేదు అనుకోకండి, ఆ ఆఖరి రెండు వారాలే నా లెక్కలో అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సినవి.

ఎందుకంటే పగలు చాలదు. నడక సుమారు 25 కిలోమీటర్లు, ఊరు దాదాపు 170 మీటర్ల ఎత్తులో ఉంటే లెపోయెదెర్ అనే పైకనుమ 1,430 మీటర్ల దగ్గర ఉంటుంది, అంటే ఒక్క రోజులో కిలోమీటరుకి పైగా నిలువుగా ఎక్కాలి. మామూలు మనిషికి ఎనిమిది గంటలు, ఆగి ఆగి వెళ్తే తొమ్మిది. అక్టోబర్ చివర్లో అక్కడ పొద్దున ఎనిమిదిన్నర దాకా సరిగా తెల్లారదు, ఆఖరి ఆదివారం గడియారం మారిందంటే తెల్లారడం ముందుకొస్తుంది కానీ సాయంత్రం ఆరింటికే పొద్దు గుంకుతుంది. అందుకే హెడ్‌ల్యాంప్ తలకి పెట్టుకుని చీకట్లోనే బయల్దేరండి, మొదటి గంటల్లో ఎక్కువగా తారురోడ్డే కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండదు. సాయంత్రం అడవిలో దిగేటప్పుడు చీకటి పడకూడదు, లెక్క అక్కణ్ణించి వెనక్కి వేసుకోండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చి ఉంటే తప్పకుండా ఒక మాట వస్తుంది, అలిపిరి మెట్లు 3,550 ఎక్కాం, ఇదెంత అని. మా పిన్ని అదే అంది. అలిపిరి దారి 9 కిలోమీటర్లు, చాలాదూరం పైన కప్పు ఉంటుంది, అడుగడుక్కీ కొట్లూ కుళాయిలూ, కూర్చుంటే పక్కన పదిమంది ఉంటారు. ఇక్కడ ఎనిమిదో కిలోమీటర్ దగ్గర ఓరిసోన్ అనే సత్రం లాంటిది దాటాక చాలాదూరం నిలబడి తినడానికి నీడ కూడా దొరకదు, గడ్డి, గొర్రెలు, గాలి, అంతే. పెద్దవాళ్ళుంటే ఓరిసోన్‌లో రాత్రి పడుకుని రెండు రోజులుగా చేసుకోవడం చాలా మేలు, కాకపోతే చాలా ముందే బుక్ చేసుకోవాలి. నీళ్ళు అక్కడే నింపుకోండి, మనిషికి రెండు లీటర్లు. తర్వాత నమ్ముకోదగ్గది సరిహద్దు దగ్గర రోలాండ్ పేరుతో ఉన్న కుళాయి ఒక్కటే. 778లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ సైన్యంలో వెనకదళం హతమై, అందులో ఉన్న సేనాని రోలాండ్ చనిపోయింది ఈ కనుమల్లోనే అంటారు.

ఇప్పుడు మబ్బు సంగతి. అట్లాంటిక్ మీంచి వచ్చే తడిగాలి మొదట తగిలేది ఈ కొండలకే, అందుకే అంత పచ్చదనం, అందుకే అంత మబ్బు. మేం రెండోసారి వెళ్ళినప్పుడు కింద ఊళ్ళో ఆకాశం శుభ్రంగా ఉంది, మేరీమాత విగ్రహం దాటి టిబో శిలువ వైపు వెళ్తుంటే పది నిమిషాల్లో తెల్లగా కమ్మేసింది, బావగారు నాలుగు అడుగుల ముందున్నా రెయిన్‌కవర్ నారింజ రంగు మాత్రమే కనిపిస్తోంది, గొర్రెల మెడగంటలు ఎటువైపు మోగుతున్నాయో తెలీడం లేదు. ఆ శిలువ దగ్గరే తారురోడ్డు వదిలి కుడివైపు గడ్డిలోకి తిరగాలి, తప్పిపోయేవాళ్ళు తప్పేది ఇలాంటి చోటే. ఎరుపు తెలుపు గీతలు వెతుక్కుంటూ వెళ్ళాలి. గీత కనబడకపోతే ఒకరు ఆఖరి గుర్తు దగ్గరే నిలబడాలి, ఇంకొకరు పిలిస్తే వినిపించేంత దూరమే వెళ్ళి వెతకాలి, దొరక్కపోతే వెనక్కి రావాలి. మేం నాలుగుసార్లు అలాగే చేశాం, టైమ్ పట్టింది, కానీ దారి తప్పలేదు. పైకనుమకి ముందు ఇజాండొరే అనే చిన్న రాతిగది ఉంది, గాలివాన ఎక్కువైతే అందులో ఆగండి. ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకుని పెట్టుకోండి, ఎమర్జెన్సీ నంబర్ రెండు దేశాల్లోనూ 112.

చలి లెక్క సింపుల్, వెయ్యి మీటర్లకి ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, దానిమీద గాలి. జీన్స్, కాటన్ టీషర్ట్ వద్దు, తడిస్తే ఆరవు. పోంచో (తలమీంచి వేసుకునే వదులు రెయిన్‌కోటు) కంటే జిప్ ఉన్న రెయిన్‌జాకెట్ మేలు, కొండ అంచున పోంచో గాలికి లేచి మొహం మీద పడుతుంది, కాలు ఎక్కడ వేస్తున్నామో కనబడదు.

అక్టోబర్‌లో ఇంకోటి, ఆ కనుమల మీంచి వలస వెళ్ళే అడవిపావురాల్ని వేటాడతారు, తుపాకి శబ్దాలు వినిపిస్తాయి. కంగారు పడక్కర్లేదు, మెరిసే రంగు బట్టలేసుకోండి, దారి వదిలి పొదల్లోకి వెళ్ళకండి. ఫెర్న్ మొక్కల్లో గోమార్లుంటాయి, సాయంత్రం మోకాలి వెనక చూసుకోండి. గొర్రెల మంద దగ్గర తెల్లటి పెద్ద కుక్క కనిపిస్తే పరిగెత్తొద్దు, కర్ర ఎత్తొద్దు, దూరంగా చుట్టు తిరిగి వెళ్ళండి. గేటు తీస్తే మళ్ళీ వేయండి, అది ఎవరి బతుకుతెరువో.

వాతావరణం బాగోకపోతే వాల్‌కార్లోస్ అనే ఊరి మీదుగా లోయలోంచి రెండో దారి ఉంది, అదీ యాత్రికుల పాత దారే, అందులో వెళ్తే ఏమీ తక్కువైపోదు. కాకపోతే కొన్నిచోట్ల కార్లు తిరిగే రోడ్డు పక్కనే నడవాలి, రిఫ్లెక్టర్ జాకెట్ వేసుకోండి. ఏ దారో ముందురోజు సాయంత్రమే సిటాడెల్ వీధిలో ఉన్న యాత్రికుల ఆఫీసులో అడగండి, ఆ రోజు కొండ మీద ఎలా ఉందో వాళ్ళకి తెలుసు.

అందుకే ముందురోజు మధ్యాహ్నానికే ఊరు చేరుకోండని చెప్తా. బయోన్ పట్నం నుంచి రైలు గంట. యునెస్కో 1998లో గుర్తించిన సెయింట్ జేమ్స్ ద్వారం లోంచి కిందికి రండి, గులాబిరంగు రాతి ఇళ్ళు, గుమ్మం పైరాయి మీద కట్టినవాళ్ళ పేరూ సంవత్సరమూ చెక్కి ఉంటాయి, మా పిన్ని ప్రతి గుమ్మం దగ్గరా ఆగి అంకెలు చదివింది. ఆ గుండ్రాళ్ళ వీధి వానకి బాగా జారుతుంది, చెప్పులతో వద్దు, కొండకి ముందే మడమ మెలికపడితే ట్రిప్ పోయినట్టే. పైన 17వ శతాబ్దం కోటలో ఇప్పుడు స్కూల్ నడుస్తోంది, లోపలికి పోలేకపోయినా బురుజు దగ్గర నిలబడితే మర్నాడు ఎక్కాల్సిన కొండలన్నీ ఎదురుగా ఉంటాయి. వాటి తలలు మబ్బులో ఉన్నాయేమో అక్కడే చూసుకోవచ్చు.

దిగడం గురించి ఒక్కటి. లెపోయెదెర్ నుంచి నేరుగా బీచ్ (beech) అనే జాతి చెట్ల అడవిలోంచి దిగే దారి దగ్గరే కానీ బాగా ఏటవాలు, రాలిన తడి ఆకుల కింద రాళ్ళు కనబడవు. కుడివైపు ఇబాన్యేటా అనే ఇంకో కనుమ మీంచి వెళ్ళే దారి కాస్త చుట్టు, మోకాళ్ళకి మాత్రం హాయి. వాన పడితే ఆలోచించకుండా అదే పట్టండి. ఇబాన్యేటాలో పూర్వం మబ్బు కమ్మితే సన్యాసులు గంట కొడుతూ ఉండేవాళ్ళట, దారి తప్పినవాళ్ళు ఆ శబ్దం పట్టుకుని వచ్చేవాళ్ళు. రోన్సెస్‌వాయెస్‌లో పడక, సాన్ జాన్‌కి తిరుగు బస్సో టాక్సీయో బయల్దేరే ముందే మాట్లాడి పెట్టుకోండి, బస్సు టైమింగ్స్ సీజన్‌ని బట్టి మారుతుంటాయి.