వృద్ధాశ్రమానికి అద్దాల గది కట్టించే ముందు జాగ్రత్తలు

మన ఎండలకు పడమటి వైపు అద్దాల గది కడితే మధ్యాహ్నానికి కొలిమి అవుతుంది కనుక, ఉత్తరం గానీ తూర్పు గానీ ఎంచుకొని, వేడిగాలి పోయే పై కిటికీలనూ బయటివైపు తెరలనూ ప్లానులోనే చేర్పించాలి. లోపలి తెర వెలుగును తగ్గిస్తుందే గానీ, అప్పటికే అద్దం దాటి వచ్చిన వేడిని బయటికి పంపలేదు. పైకప్పుకు లామినేటెడ్ గ్లాసే (రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది) వాడాలి, ఎందుకంటే అది పగిలినా ముక్కలు మధ్య పొరకు అంటుకొని నిలుస్తాయి, మామూలు టఫెన్డ్ గ్లాసు (వేడిచేసి గట్టిపరచిన అద్దం) అయితే ముక్కలై కింద కూర్చున్నవారి మీద రాలుతుంది. గడప ఉండకూడదు, ఎత్తు తేడా తప్పకపోతే అంగుళం ఎత్తుకు కనీసం అడుగు పొడవు చొప్పున ర్యాంపు కట్టించాలి. చూపు మందగించిన వారు అద్దాన్ని ఖాళీ దారి అనుకుంటారు కనుక, నిలబడినవారికీ చక్రాల కుర్చీలో ఉన్నవారికీ కనిపించే ఎత్తుల్లో రంగు పట్టీలు అంటించాలి. మునిసిపల్ అనుమతి ముందే తీసుకోవాలి. పెద్దలు కునుకు తీసే వేళ డ్రిల్లింగ్ ఆపాలన్న షరతును, కాంట్రాక్టరు ఎంత గొణిగినా, ఒప్పందంలో రాయించాలి.