చెన్నై వానలు మొదలయ్యేలోపు: పెద్దవాళ్లు జారిపడకుండా, పడ్డా మంచానికే అతుక్కుపోకుండా

అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు దాకా చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు. దీపావళి తలంట్లు, కార్తీక స్నానాలు, తులసికోట ముందు దీపాలు కూడా అప్పుడే. నేల మీద నీళ్లతో పాటు నూనె కూడా ఉండే రోజులివి. తెల్లవారకముందే లేచి స్నానానికి వెళ్లే అమ్మమ్మలు, తాతయ్యలు ఇంట్లో ఉంటే ఇప్పుడే కాస్త సిద్ధం కండి.

ముందుగా బాత్రూం చూడండి. గోడకు పట్టుకునే కడ్డీ వేయించండి. జారే డోర్‌మ్యాట్లు తీసేయండి. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా వెలిగే లైటు ఇన్వర్టర్‌కు కలిపి ఉండాలి. తలంటు నూనె బాత్రూంలో కాకుండా కుర్చీలో కూర్చోబెట్టి రాయండి. పాత మొజాయిక్ నేల తడిస్తే చాలా జారుతుంది, తడి కనిపించగానే తుడవాలి.

ఇంత చేసినా ఒక్కోసారి పడతారు. ఎముకలు గుల్లబారిన వయసులో నిలబడ్డచోటే పక్కకు పడినా నడుము కింద ఉండే కటి ఎముక (పెల్విస్) చిట్లొచ్చు. వెన్నెముక అడుగున ఉండే త్రికం, దానికి రెండు పక్కలా తుంటి ఎముకలు కలిసి ఒక వలయంలా ఉంటాయి. గజ్జల దగ్గరి సన్నటి భాగం విరిగినా వలయం పట్టు తప్పకపోతే దాన్ని స్టేబుల్ ఫ్రాక్చర్ అంటారు. వీటిలో చాలావాటికి ఆపరేషన్ అక్కర్లేదు. మామూలుగా ఆరు నుంచి పన్నెండు వారాల్లో అతుక్కుంటుంది. కానీ తుంటి కీలు దగ్గర విరిగినా ఇలాగే గజ్జల్లో నొప్పి వస్తుంది, దానికి ఎక్కువగా ఆపరేషన్ కావాలి. తేడా ఇంట్లో తేల్చుకోలేం, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా కాలు మోపలేకపోతుంటే సీటీ, ఎంఆర్‌ఐ అవసరమా అని అడగండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ మాట డాక్టరుకు మొదటే చెప్పాలి.

పుత్తూరు కట్టు బోర్డులు చెన్నైలో చాలా చోట్ల కనిపిస్తాయి, మన తెలుగువాళ్లకు దాని మీద నమ్మకం కూడా ఎక్కువ. అయితే కటికి బయటి నుంచి కట్టేసి అతికించడం కుదరదు. నూనె రాసి గట్టిగా తోమితే నొప్పి, లోపలి రక్తస్రావం పెరగొచ్చు. దయచేసి ఆ పని చేయించకండి.

ఇక అన్నిటికంటే నన్ను బాధపెట్టేది, ప్రేమతో మనం చేసే పొరపాటు. "కదలకమ్మా, పడుకో, అన్నీ మేం చూసుకుంటాం" అంటాం. పడుకునే కొద్దీ కండ కరుగుతుంది, ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, వీపు కింద పుండ్లు పడతాయి, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకడుతుంది. డాక్టరు సరేనంటే మొదటి ఒకటి రెండు రోజుల్లోనే లేపి కూర్చోబెట్టాలి, వాకర్‌తో నిలబెట్టాలి. నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు నడిపిస్తే వాళ్లకు ధైర్యంగా ఉంటుంది. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు కొనకండి. కొన్ని మాత్రలతో మలబద్ధకం వస్తుంది, నీళ్లు, పీచు ఉన్న తిండి ఇవ్వండి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. నేల మీద కూర్చోవద్దు, కమోడ్ ఎత్తుగా ఉండాలి. వాకర్ కాళ్ల రబ్బరు బుష్‌లు అరిగితే తడి నేల మీద వాకరే జారుతుంది.

2015 డిసెంబరులోనూ, 2023లో మిచౌంగ్ తుపానుకూ వేళచ్చేరి లాంటి చోట్ల కింది ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, కరెంటు పోయి లిఫ్టులు ఆగాయి. వాకర్ మీద ఉన్న మనిషి ఇంట్లో ఉంటే తుపాను హెచ్చరిక రాగానే, నీళ్లు చేరకముందే, పైఅంతస్తు బంధువుల ఇంటికి మార్చేయండి. మందులు పది రోజులకు సరిపడా దగ్గర పెట్టుకోండి.

మూత్రం రాకపోయినా, అందులో రక్తం కనిపించినా, కళ్లు తిరిగి చెమటలు పట్టినా, పిక్క వాచినా, ఆయాసం వచ్చినా, కాళ్లు మొద్దుబారినా 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు.

నడక వచ్చాక చాలా ఇళ్లలో మందులు ఆపేస్తారు. ఒకసారి ఇలా విరిగినవాళ్లకు మళ్లీ విరిగే అవకాశం ఎక్కువ. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్, విటమిన్ డి పరీక్ష, ఎముక గట్టిపడే మందుల గురించి డిశ్చార్జి రోజునే అడగండి. ఇంకా పడని పెద్దవాళ్లకైతే ఈ స్కాన్ వానలకు ముందే చేయించొచ్చు.