గాలి బోర్డుతో కృష్ణలోకి: పంపు నుంచి ప్యాచ్ దాకా

మా నాన్నకి విజయవాడ కృష్ణలంకలో సైకిల్ షాపు ఉండేది. బడి వదిలితే నేనూ అక్కడే. ట్యూబుని బేసిన్ నీళ్ళలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందో పట్టుకోవడం, ఉప్పు కాగితంతో గీకడం, సొల్యూషన్ రాసి ఆరనివ్వడం నాకు పదేళ్ళ వయసుకే వచ్చేశాయి. అందుకే మా అబ్బాయి బెంగళూరు నుంచి గాలి కొట్టే పాడిల్ బోర్డు, అంటే నీళ్ళ మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే పలక, తెచ్చినప్పుడు నేను ముందు చూసింది దాని వాల్వునే. తర్వాత వాడు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, బోర్డు నా దగ్గర ఉండిపోయింది. మూడు శీతాకాలాలుగా ఆదివారం పొద్దున్నే మా ఆడపడుచూ నేనూ దాన్ని కృష్ణలో దింపుతున్నాం. చూసినవాళ్ళందరూ అడిగే మాట ఒక్కటే: "గాలిదే కదండీ, పగిలిపోదా?" ఆ ప్రశ్నకి జవాబుగానే ఇది రాస్తున్నాను.

గాలిదే, కానీ బెలూన్ కాదు. పైన ఒక పీవీసీ పొర, కింద ఒక పొర, ఆ రెంటినీ కలుపుతూ లోపల వేలకొద్దీ పాలిస్టర్ దారాలు ఉంటాయి. డ్రాప్ స్టిచ్ అంటారు. ఎంత గాలి కొట్టినా దారాలు లాగిపట్టి ఉంచుతాయి కాబట్టి అది ఉండలా ఉబ్బదు, బల్లలా బిగుస్తుంది. మాది పదిన్నర అడుగుల పొడవు, 32 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం. మొదటిసారి కొనేవాళ్ళకి ఈ సైజే మంచిది. అంతకన్నా సన్నటివి వేగంగా పోతాయి గానీ, కొత్తలో నిలబడనివ్వవు.

గాలి లెక్క మా షాపులో పౌండ్లలో చెప్పేవాళ్ళం, బోర్డు మీద పీఎస్ఐ అని రాసి ఉంటుంది. రెండూ ఒకటే. మామూలుగా 12 నుంచి 15 పౌండ్లు పెట్టాలి. కారు టైరుకి 30 పెడతాం కదా, 15 ఎంతలే అనిపిస్తుంది. కానీ 15 పౌండ్లంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒక కిలో తోపు. బోర్డు పైభాగం అంతా లెక్కేస్తే అది 20 టన్నులు దాటుతుంది. ఆ దారాలు మోస్తున్నది అంత బరువు. వాల్వు దగ్గర రాసిన గరిష్ఠ అంకె దాటొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే. అలాగని తక్కువ పెట్టినా కష్టమే. 10 పౌండ్లతో దిగితే నిలబడ్డ చోట బోర్డు నులక మంచంలా కుంగుతుంది, తెడ్డు ఎంత వేసినా ముందుకి సాగదు. "నాకు బ్యాలెన్స్ రావట్లేదు" అని బాధపడేవాళ్ళలో చాలామందికి కావలసింది ఇంకో 3 పౌండ్లు మాత్రమే.

వాల్వు మూత తీస్తే మధ్యలో చిన్న పుల్లలాంటిది కనిపిస్తుంది. దాన్ని నొక్కి కాస్త తిప్పితే కిందే ఆగిపోతుంది, గాలి బయటికి పోతుంది. మళ్ళీ నొక్కి వదిలితే పైకి లేస్తుంది, గాలి లోపలే ఉంటుంది. గాలి కొట్టే ముందు ఆ పుల్ల పైకి లేచి ఉందో లేదో వేలితో చూడండి. కిందికి దిగి ఉంటే, పది నిమిషాలు చెమటోడ్చి కొట్టిన గాలంతా పైపు తీయగానే ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది. వాల్వు చుట్టూ ఇసుక రేణువులుంటే ముందే తుడవండి. ఒక్క రేణువు రబ్బరు కింద చేరినా సన్నగా గాలి పోతూనే ఉంటుంది.

చేతి పంపుతో కొడితే మొదట్లో దాని మీద ఒత్తిడి చూపే ముల్లు కదలదు. పాడైందనుకోకండి, ఐదారు పౌండ్లు దాటితే గానీ అది లేవదు. చాలా పంపులు పైకి లాగినా కిందికి నొక్కినా గాలి కొడతాయి. బిగువు పెరిగి నొక్కడం కష్టమైనప్పుడు పక్కనున్న చిన్న బిరడా తీసేస్తే నొక్కినప్పుడే కొడుతుంది, నడుముకి తేలిక. చేతులతో కాదు, మోకాళ్ళు వంచి ఒంటి బరువుతో నొక్కాలి. కారు సాకెట్‌కి పెట్టే ఎలక్ట్రిక్ పంపు ఉంటే ఇంకా మేలు, కావలసిన అంకె పెడితే అక్కడికి రాగానే ఆగిపోతుంది. టైర్లకి గాలి కొట్టే షాపు కంప్రెసర్‌తో మాత్రం కొట్టించకండి. ఆ షాపులో పుట్టి పెరిగినదాన్ని చెప్తున్నాను, దాని టాంకులో ఉండే ఒత్తిడికి ఈ బోర్డు నిమిషం ఆగదు.

ఇక ఎక్కడ, ఎప్పుడు. మేము దిగేది ప్రకాశం బ్యారేజీకి ఎగువన, భవానీపురం వైపు. బ్యారేజీ నీళ్ళని నిలబెడుతుంది కాబట్టి గేట్లు మూసి ఉన్న రోజుల్లో అక్కడ నది చెరువులా ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున ఆరున్నరకీ తొమ్మిదికీ మధ్య. దట్టంగా మంచు పట్టిన రోజున మాత్రం తెరిపి ఇచ్చేదాకా గట్టు మీదే కూర్చుంటాం, పడవలకి మనం కనబడం. ఘాట్ దగ్గరున్న పోలీసులనీ, బోటింగ్ నడిపేవాళ్ళనీ ముందు అడగండి. వద్దంటే ఆ రోజుకి మానేయండి. ఏ గేట్లు ఎత్తారో, నీళ్ళు ఎక్కడ లాగుతున్నాయో, మత్స్యకారులు ఎక్కడ వలలు కట్టారో వాళ్ళకి తెలిసినంత మనకి తెలియదు.

గేట్లు ఎత్తి ఉంటే దిగొద్దు. వరద లెక్కలో మొదటి హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కుల దగ్గర ఇస్తారు. అది గట్టున ఉండేవాళ్ళ కోసం. బోర్డు మీద నిలబడే మనిషికి ఒక్క గేటు ఎత్తినా హెచ్చరికే. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వచ్చినప్పుడు పెద్ద పెద్ద పడవలే కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లకి గుద్దుకున్నాయి. మన బోర్డు బరువు పది కిలోలు. కాలువల్లోకి కూడా వెళ్ళకండి. బందరు కాలువైనా ఏలూరు కాలువైనా నిలువు గోడలు, పట్టుకుని పైకెక్కడానికి ఆధారం దొరకదు.

లైఫ్ జాకెట్ విషయంలో నేను ఎవరి మాటా వినను. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గరి పవిత్ర సంగమం ఘాట్ దగ్గర పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. ఆ సాయంత్రం మా వీధిలో ఎవరి ఇంట్లోనూ టీవీ ఆగలేదు. నేను చిన్నప్పుడే ఈత నేర్చుకున్నాను, అయినా బకిల్స్ అన్నీ పెట్టుకోకుండా నీళ్ళలో కాలు పెట్టను. జాకెట్ భుజాలు పట్టి పైకి లాగితే చెవుల దాకా రాకూడదు, వస్తే అది మీకు వదులు. ఆడవాళ్ళకి ఇంకో మాట: చున్నీ వద్దు, లెగ్గింగ్స్, పొడుగు చేతుల టీషర్టు హాయిగా ఉంటాయి. జుట్టు ముడేసుకోండి.

బోర్డుకీ మనిషికీ మధ్య ఒక తాడు ఉంటుంది. పడిపోయినప్పుడు బోర్డు గాలికి కొట్టుకుపోకుండా ఆపేది అదే. కదలని నీళ్ళలో కాలి చీలమండకి కట్టుకోవచ్చు. కృష్ణలో గుర్రపుడెక్క ఉంటుంది, వలలుంటాయి, కొయ్యలుంటాయి. తాడు వాటికి చిక్కుకుంటే కాలి దాకా వంగి విప్పుకోవడం సాధ్యం కాదు. అందుకని నేను నడుముకి కట్టే బెల్టు రకం వాడతాను, ఒక్క లాగుతో ఊడిపోతుంది. గట్టు మీద కళ్ళు మూసుకుని పదిసార్లు లాగి చూసుకోండి.

బోర్డు అడుగున బిగించే ఫిన్‌కి, అంటే చేప రెక్కలాంటి ముక్కకి, వంపు వెనక్కి ఉండాలి. మోకాలి లోతు వచ్చాకే బోర్డు ఎక్కండి. లోతు లేనిచోట ఎక్కితే ఫిన్ ఇసుకలో దిగి బోర్డు టక్కున ఆగుతుంది, మనిషి ముందుకి పడతాడు. భవానీ ద్వీపం ఒడ్డుకి వెళ్ళేటప్పుడు కూడా ఇంతే, ముందే మోకాళ్ళ మీదకి దిగాలి.

మొదట మోకాళ్ళ మీద, బోర్డు మధ్యలో ఉండే పిడికి అటూ ఇటూ కూర్చుని ఓ పది నిమిషాలు తెడ్డు వేయండి. తర్వాత తెడ్డు అడ్డంగా పెట్టి, ఒక్కో పాదం మోకాలు ఉన్నచోటికే తెచ్చి లేవండి. పాదాలు పిడికి రెండు వైపులా, మోకాళ్ళు కాస్త వదులుగా ఉండాలి. చూపు కాళ్ళ మీద వద్దు. నేను ఇంద్రకీలాద్రి వైపు చూస్తూ లేచాను, మా ఆడపడుచు ఉండవల్లి కొండ వైపు. దూరంగా కదలనిది ఏదున్నా సరే.

తెడ్డు ఆకు కొంచెం వంగి ఉంటుంది. గరిటతో కూర దగ్గరికి లాక్కున్నట్టు పట్టుకోవాలనిపిస్తుంది, అది తప్పు. వంపు మన నుంచి దూరంగా, ముందుకి ఉండాలి. ఆకు పూర్తిగా ముంచి, ముందు నుంచి పాదం దాకా లాగి తీసేయండి. అంతకంటే వెనక్కి లాగితే బోర్డు పక్కకి తిరుగుతుంది. నాలుగైదు తెడ్లకోసారి వైపు మార్చండి. గుర్రపుడెక్క ఫిన్‌కి చుట్టుకుంటే వేగం తగ్గిపోతుంది. అప్పుడు మోకాళ్ళ మీదకి దిగి కాస్త వెనక్కి తెడ్డు వేస్తే చాలాసార్లు అదే ఊడుతుంది.

పడతారు. పడేటప్పుడు బోర్డుకి దూరంగా, పక్కకి, వెడల్పుగా పడండి. తల ముందుకి పెట్టి దూకొద్దు, ఇసుక తవ్విన గుంత పక్కనే దిబ్బ ఉంటుంది, లోతు చెప్పలేం. ఎక్కేటప్పుడు పక్క నుంచి మధ్య పిడి పట్టుకుని, కాళ్ళు ఈత కొట్టినట్టు ఆడిస్తూ పొట్ట మీదుగా పైకి రావాలి. మొదటిరోజు లోతు తక్కువున్న చోట కావాలనే నాలుగైదుసార్లు పడి, ఎక్కడం నేర్చుకోండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

గాలి దిక్కు చూడకుండా బయల్దేరడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. మనం నిలబడితే మన ఒళ్ళే తెరచాప. మా దగ్గర పడమటి గాలి వీస్తే అది బ్యారేజీ వైపే నెడుతుంది, నది వాలూ అటే. కాబట్టి ఎప్పుడూ ముందు పైకి, ఇబ్రహీంపట్నం వైపు వెళ్ళండి. అలిసిపోయాక వెనక్కి రావడానికి గాలీ నీరూ రెండూ సాయం చేస్తాయి. ఒక శనివారం నేను ఇది మరిచి కిందికి బయల్దేరాను. తిరిగొచ్చేటప్పుడు పావుగంట తెడ్డు వేసినా గట్టున ఉన్న అదే చెట్టు పక్కనే ఉన్నాను. చివరికి బోర్డు మీద బోర్లా పడుకుని, తెడ్డు ఛాతీ కింద పెట్టుకుని చేతులతో ఈదుతూ వచ్చాను. ఎదురుగాలి మరీ ఎక్కువైతే మీరూ అదే చేయండి, సిగ్గుపడొద్దు.

గట్టెక్కాక అసలు కాపాడుకోవలసింది ఎండ నుంచి. పొద్దున 25 డిగ్రీల్లో 15 పౌండ్లు పెట్టిన బోర్డు ఎండలో 60 డిగ్రీలకి కాగితే లోపల 18 దాటుతుంది. మన ఊరి ఎండకి కారు పైన కట్టిన బోర్డు అంత వేడెక్కడం పెద్ద విషయం కాదు. అంచు అతుకులు ఊడేది ఇలాగే. నీళ్ళలోంచి తీయగానే నీడకి చేర్చండి. నీడ లేకపోతే మూడు నాలుగు పౌండ్లు వదిలేయండి. అలాగే గట్టున ఎండలో 15 పెట్టి చల్లటి నీళ్ళలో దించితే ఓ పౌండు తగ్గుతుంది, అది లీకు కాదు.

సూర్యలంక బీచ్‌లో ఉప్పునీళ్ళలో వాడి వస్తే ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడగాలి. ఫిన్ పెట్టె, వాల్వు, తాడు చివర్లు వదలకండి. నది నీళ్ళయినా నాచు పట్టకుండా ఒక బకెట్ నీళ్ళు పోస్తాను. తడి గుడ్డకి కాస్త గిన్నెల సబ్బు చాలు. తర్వాత నీడలో, ఫ్యాను కింద పూర్తిగా ఆరాలి. తడిగా చుట్టి సంచిలో పెడితే వారంలో బూజు వాసన వస్తుంది, ఆ వాసన వదలదు. చుట్టేటప్పుడు వాల్వు లేని కొస నుంచి మొదలుపెడితే గాలి వాల్వు వైపు పోతుంది. దిండులా వదులుగా చుట్టండి, ప్రతిసారీ ఒకే మడత పడకుండా చూడండి.

ప్యాచ్ సంగతి నాకు బాగా తెలుసనుకున్నాను. గాజు పెంకు గుచ్చుకుని సన్న రంధ్రం పడితే షాపు అలవాటుతో సైకిల్ సొల్యూషన్ రాసి రబ్బరు ప్యాచ్ వేశాను. 12 పౌండ్ల దగ్గర అది పాల మీద మీగడలా లేచి వచ్చేసింది. రబ్బరుకి పట్టే సొల్యూషన్ పీవీసీకి పట్టదు. బోర్డుతో వచ్చిన పీవీసీ ముక్క, పీవీసీ గమ్ మాత్రమే వాడాలి.

లీకు అనుమానం వస్తే గాలి నిండా పెట్టి, సబ్బు నీళ్ళు బ్రష్‌తో ముందు వాల్వు చుట్టూ, తర్వాత అతుకుల వెంట, చివరికి మిగతా ఒంటి మీద రాయండి. వాల్వు దగ్గర బుడగలొస్తే కిట్‌లో ఉన్న ప్లాస్టిక్ రెంచితో బిగిస్తే సరిపోతుంది, చాలాసార్లు లీకు అక్కడే ఉంటుంది. ఒంటి మీద వస్తే పెన్నుతో గుర్తు పెట్టి, గాలి మొత్తం తీసి, బల్ల మీద చదునుగా పరవండి. స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. ప్యాచ్ గుండ్రంగా కోయండి, మూలలుంటే అక్కడి నుంచే లేస్తుంది. రంధ్రానికి చుట్టూ కనీసం రెండు వేళ్ళ వెడల్పు మిగలాలి. రెండు వైపులా గమ్ పలచగా రాసి, వేలికి జిగురుగా తగిలేదాకా ఆగి, ఇంకో పూత రాసి, మధ్య నుంచి బయటికి చెంచా వెనకతో నొక్కుతూ అంటించండి. పైన పప్పు డబ్బా లాంటి బరువు పెట్టి 24 గంటలు ముట్టుకోకండి. అంచు అతుకు జానెడు ఊడితే సొంతంగా చేయకండి, పీవీసీ పడవలు బాగుచేసే చోటికి పంపండి.

జూలై నుంచి అక్టోబరు దాకా నా బోర్డు ఇంట్లోనే ఉంటుంది. నెలకోసారి విప్పి, రెండు మూడు పౌండ్లు కొట్టి, పడక గదిలో మంచం కింద ఒక రాత్రి ఉంచుతాను. పొద్దున బొటనవేలితో నొక్కి చూస్తాను. మెత్తబడకపోతే తుడిచి, ఈసారి మడత వేరేచోట పడేలా చుట్టి, బీరువా పైన పెట్టేస్తాను.