ట్యాంకర్ డ్రైవర్లకు 'హజార్డ్ లైసెన్సు': దరఖాస్తు ఎలా, ఎక్కడ ఆగిపోతుంది

చర్లపల్లి అయినా కొండపల్లి అయినా, ఇంధనం నింపే టెర్మినల్‌లో లోడు ఎత్తాలంటే హెవీ లైసెన్సు ఒక్కటే చాలదు. పెట్రోలు, గ్యాసు, యాసిడ్, అమ్మోనియా మోసే బండి నడిపేవారి లైసెన్సులో ప్రమాదకర సరుకు రవాణాకు అనుమతి విడిగా నమోదై ఉండాలి. డ్రైవర్లు హజార్డ్ లైసెన్సు అనేది దీన్నే. ఇదేమీ వేరే కార్డు కాదు, ఉన్న లైసెన్సులోనే ఒక ఎంట్రీ. 'కొత్త హజార్డ్ కార్డు తెప్పిస్తా' అని ఎవరైనా బేరం మొదలుపెడితే అక్కడే లేచి వచ్చేయండి.

దీనికి ఆధారం 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లోని 9వ నియమం. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఉండాలి. తెలుగు వంటి ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లిషు కూడా చదవడం, రాయడం రావాలి. మూడు రోజుల శిక్షణ పాసైన సర్టిఫికెట్ ఉండాలి. దరఖాస్తు కష్టమేమీ కాదు: రవాణా శాఖ పోర్టల్‌లో లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ ఇచ్చి హజార్డస్ ఎండార్స్‌మెంట్ సేవను ఎంచుకుని, సర్టిఫికెట్ జతచేసి, ఫీజు కట్టి, ఒరిజినల్స్‌తో ఆర్టీవో ఆఫీసుకు వెళ్లాలి.

కౌంటర్ దగ్గర వెనక్కి తిప్పి పంపేది ఎక్కువగా ఆ సర్టిఫికెట్ వల్లే. రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన సంస్థ ఇచ్చిందే చెల్లుతుంది. డిపోలోనో ఫ్యాక్టరీలోనో పెట్టిన సేఫ్టీ క్లాసుకు ఇచ్చిన కాగితం, ఎంత పెద్ద కంపెనీదైనా, దీనికి పనికిరాదు. కాబట్టి ముందు ఆర్టీవో ఆఫీసులో గుర్తింపు ఉన్న సంస్థలు ఏవో అడగండి, ఆ తర్వాతే శిక్షణకు డబ్బు కట్టండి. సర్టిఫికెట్ చేతికి రాగానే పేరు, లైసెన్సు నంబరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఇంటిపేరు ముందూ వెనకా అయినా కొర్రీ పడవచ్చు.

'క్లాసుకు రానక్కర్లేదు, ఆధార్ పంపు చాలు' అనే ఏజెంట్లు ఉన్నారు. వాళ్ల మాట వినకండి. మొదటి రెండు రోజులు డ్రైవింగ్ పాఠాలు, అనుభవం ఉన్నవారికి విసుగ్గానే ఉంటాయి, ఒప్పుకుంటాను. మూడో రోజు సంగతి వేరు. వాల్వు లీకైతే ఏం చేయాలి, కారిన సరుకు బావిలోకి, చెరువులోకి పోకుండా ఎలా ఆపాలి, ఏ మాస్కు ఎప్పుడు వేసుకోవాలి, సరుకు వల్ల వచ్చే ప్రమాదం, తీసుకోవాల్సిన జాగ్రత్తలు రాసి క్యాబిన్‌లో ఉంచుకునే ట్రెమ్ కార్డు ఎలా చదవాలి, అన్నీ ఆ రోజే. ట్యాంకరు వెనక బోర్డు మీద సరుకును తెలిపే నంబరు ఉంటుంది: 1203 అంటే పెట్రోలు, 1005 అంటే అమ్మోనియా. హైవే మీద బండి బోల్తా పడితే రెస్క్యూ టీము వచ్చేదాకా ఆ సంగతి తెలిసిన మనిషి మీరొక్కరే కావచ్చు.

ఎంట్రీ లేకుండా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెడుతుంది. బాధితులకు చెల్లించిన సొమ్మును తిరిగి యజమాని దగ్గర వసూలు చేసుకునే వీలు ఇచ్చిన తీర్పులున్నాయి. బండి యజమానులూ ఇది చదవాలి.

గడువు దగ్గర ఇంకో మెలిక. 2019 సవరణ తర్వాత ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు 5 ఏళ్లు, హజార్డస్ అనుమతికి 3 ఏళ్లే. కార్డు మీద ట్రాన్స్‌పోర్ట్ గడువు తేదీ చూసి ధీమాగా ఉండకండి. రెన్యువల్‌కు ముందు రిఫ్రెషర్ శిక్షణ ఉంటుంది, దానికీ సమయం చూసుకోండి.

దరఖాస్తు రసీదు చూపించి లోడు ఎత్తవచ్చని ఎవరన్నా నమ్మవద్దు. రవాణా శాఖ వారి పరివాహన్ సైట్‌లో లైసెన్సు వివరాలు తెరిస్తే 'హజార్డస్ వ్యాలిడ్ టిల్' అని ఒక గడి ఉంటుంది. అందులో తేదీ పడ్డాకే బండి ఎక్కండి.