ఆయుధపూజకి తాతగారి రివాల్వర్ తీస్తున్నారా?

చెన్నైలో మనవాళ్ల ఇళ్లలో పాత వెబ్లీ (బ్రిటిష్ రివాల్వర్) ఉంటే పూజకి బయటికొస్తుంది. పేల్చి చూడాలనిపిస్తే ముందు ఇవి చూడండి.

– దొరికిన తూటా వేయకండి. .455 తూటాల వెబ్లీలు కొన్నిటికి సిలిండర్ (తూటాలు పెట్టే తిరిగే భాగం) వెనక అరగదీసి .45 ఏసీపీ అనే వేరే రకం తూటా పట్టేలా మార్చారు. పడుతుంది, కానీ ఆ తూటా పుట్టించే ఎక్కువ ఒత్తిడికి సిలిండర్ పగలొచ్చు. చెయ్యీ పోతుంది, తుపాకీ పోతుంది. నన్నడిగితే పేల్చకుండా దాచుకోవడమే మేలు.

– లైసెన్సు ఎవరి పేరున ఉంది? తుపాకీతో పాటు అది వారసత్వంగా రాదు.

– ఇతరులకి ప్రమాదం కలిగేలా వేడుకకి కాల్పులు జరపడం ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో నేరమైంది: రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

– పాలిష్ పెట్టించకండి. తుపాకీ మీద కొట్టిన ముద్రలు అరిగితే విలువ పడిపోతుంది.

– కుంకుమ నీళ్లు తగిలితే వెంటనే తుడిచి, పల్చగా నూనె రాయండి. తోలు ఒరలో ఉంచకండి, ఈ వానల తేమకి తుప్పు పడుతుంది.